రివర్సులో రాని చప్పుడు

మొన్న ఒక ఉదయం, చాయ్ తాగి వార్తాపత్రిక ముందు కూర్చున్న వేళ, మా అక్క మనుమరాలు తన కారు ఇంజన్ చేస్తున్న ఒక చప్పుడును ఫోనులో పట్టి నాకు పంపింది. దానితో పాటు, చప్పుడు వినిపిస్తే చాలు లోపమేమిటో చెబుతానని చెప్పుకునే ఏదో యాప్ ఇచ్చిన తీర్పును కూడా జతపరచి, కింద రెండు ముక్కలు రాసింది. "చిన్నమ్మమ్మా, గిది నమ్మాల్నా? నేను పుట్టకముందు తాత కార్ల దేవుడే తట్టి చెప్పిండట గద, నాకేమో ఫోను చెప్తున్నది."

ఫోను సంగతి తరువాత చూద్దాం. దేవుడు తట్టిన సంగతి మాత్రం మా బంధువర్గంలో ఎన్నో నోళ్ళలో నాని, ప్రతి పెండ్లిలోనూ ఒక కొత్త తోక తగిలించుకుంటూ ఇంతదాకా వచ్చింది. ఆనాటి వాళ్ళలో మిగిలిన కొద్దిమందిలో నేనొకతెను కాబట్టి, నిశ్చయంగా తెలిసినదేదో, వినికిడి ఏదో ముందుగా వేరుచేసి చెప్పడం న్యాయమనుకుంటాను. మా బావ కారులో ఒక చప్పుడు ఉండేదన్నది నిశ్చయం. దాన్ని నేను నా చెవులతో, వేర్వేరు దారుల మీద విన్నాను. అది ముందుకు పోయేటప్పుడు తప్ప వెనక్కు పోయేటప్పుడు రాలేదన్నది నిశ్చయం. నవ్వుతూ చూసిన సాక్షులు ఒక చాయ్ హోటలు నిండా ఉండిరి. ఒక పసుపు గుడ్డ మీద ఒక నల్లని మరక పడిందన్నదీ నిశ్చయం. ఆ గుడ్డను తరువాత చేత పట్టుకొని చూశాను. ఇక, చప్పుడు మొదలైన దినం చిల్పూరు గుట్ట మీద గరుడపక్షి తిరిగిందన్నది వినికిడి. ఆ పక్షిని చూసినవాళ్ళు నాకు ఇంతవరకు దొరకలేదు, చూసినవాళ్ళను ఎరుగుదుమన్నవాళ్ళే దొరికారు. కారు గేటు దాటనని మొండికేసి నిలబడిపోయిందన్నది మాత్రం ఉత్త కల్పన. ఆ వేళ ముందు సీట్లో ఉన్నది నేనే. బావ హ్యాండ్‌బ్రేకు దించడం మరిచిపోయాడు.

అప్పట్లో నేను మానుకోట కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. మహబూబాబాద్ అని ఇప్పుడు బోర్డుల మీద కనబడే ఊరిని మేమందరం మానుకోట అనే పిలిచేవాళ్ళం, నా నోరు ఇంకా మారలేదు. మా అక్కను ఇచ్చింది జనగామలో. బావకు సొంతంగా ఒక పాత డీజిల్ కారు ఉండేది, దాన్ని కిరాయికి తిప్పేవాడు. పెండ్లివాళ్ళను, దవాఖానకు పోయేవాళ్ళను, గుట్టలకు మొక్కులు తీర్చ పోయేవాళ్ళను మోసి మోసి ఆ కారుకు ఈ మూడు నాలుగు తాలూకాల దారులన్నీ ఒంటబట్టాయని అతను గొప్పగా చెప్పేవాడు. కారుకు దారులు ఒంటబట్టవని, అతనికే పట్టాయని నేననేదాన్ని. బావామరదళ్ళ మాటలు ఎట్లా ఉంటాయో మీలో నా వయసువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అక్కకు ఒక్కతే బిడ్డ. ఆమెను భూపాలపల్లిలో బొగ్గుబాయి ఉద్యోగస్థునికి ఇచ్చారు. అంతకుముందు ఒకసారి కడుపు నిలవక, ఆ దుఃఖం నుంచి ఇంటిల్లిపాదీ తేరుకోక ముందే మళ్ళీ నెల తప్పడంతో, ఆ పిల్ల ఊపిరి పీల్చినా అందరం లెక్కపెట్టే స్థితిలో ఉండేవాళ్ళం. తొలి పురుడు తల్లిగారింట్లో పోయడం మన ఆచారం. ఏడో నెలలో తోలుకొని రావాలనుకున్నారు. సరిగ్గా ఆ నెలలోనే కారు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. రేపు మాపు అంటుండగానే ఆ నెల దాటింది. ఎనిమిదో నెలలో గర్భిణి ప్రయాణం చేయరాదన్నది పెద్దల కట్టుబాటు. దానికి శాస్త్రీయమైన ఆధారం నాకు కనబడకపోయినా, ఆ ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం నాకు కూడా లేకపోయింది. అట్లా తొమ్మిదో నెల వచ్చి పడింది. పిల్ల కాళ్ళు వాచాయని, రక్తపోటు పెరిగిందని, బస్సు కుదుపులు పనికిరావని, పెద్ద దవాఖాన అందుబాటులో ఉన్న చోటికి త్వరగా చేర్చమని అక్కడి డాక్టరమ్మ కబురు చేసింది. పెండ్లిళ్ళ కాలం కావడంతో మిగతా కిరాయి కార్లన్నీ ముందే మాట్లాడుకున్నారు. పరకాల దాటిన తరువాత భూపాలపల్లి దారి ఎట్లా ఉండేదో ఆనాడు ఆ దారిన పోయినవాళ్ళకు తెలుసు. చెట్ల మధ్య బండి ఆగిపోతే ఇంకో బండి వచ్చేదాకా పిట్టల కూతలు వింటూ కూర్చోవలసిందే.

కాబట్టి ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఆ చప్పుడు చేసే కారును నమ్మి ఆ పిల్లను అందులో కూర్చోబెట్టవచ్చునా, కూడదా?

నేను సెలవు పెట్టి నెల్లికుదురు మీదుగా జనగామ చేరేసరికి, ఆ ప్రశ్నకు వాడకట్టులో తలా ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఆ రోజుల్లో ఎవరి బండికైనా రోగం వస్తే అది వీధి మొత్తానికి వచ్చినట్టే. విచిత్రమేమంటే, చప్పుడును స్వయంగా విన్నవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతా అందరూ విన్నది బావ నోటితో చేసి చూపించిన చప్పుడు. అతను పండ్లు కరచి పట్టి టక్కు టక్కుమని చేసేవాడు. అక్క అది కాదని కొట్టిపారేసేది.

"గట్ల గాదు. లోపల ఎవలో పేలాలు ఏంచినట్టు వస్తది."

"పేలాలు నీ వంటింట్ల ఏగుతయి. బండ్ల నేను గూసుంట, నాకు తెల్వదా?"

షెడ్డు మిస్త్రి బావ నోటి చప్పుడును శ్రద్ధగా విని, బేరింగు పోయిందని, ఇంజన్ దించి విప్పవలసిందేనని తేల్చాడు. అంతకుముందు బావ కిరాయి మీద మానుకోటకు వచ్చినప్పుడు గార్ల దారిలో ఉన్న ఇంకొక మిస్త్రి, అదే నోటి చప్పుడును విని, టాపెట్లు బిగించాలన్నాడట. వాళ్ళిద్దరూ పని తెలిసినవాళ్ళే, నేను వాళ్ళను తప్పు పట్టను. నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కి ఇంజన్‌ను ఎంత రేజు చేసినా ఆ చప్పుడు వచ్చేది కాదు. షెడ్డుకు తెచ్చేసరికి కారు బుద్ధిగా ఉండేది. వాళ్ళకు రోగి దొరకలేదు, రోగం కథ మాత్రమే దొరికింది.

ఇంజన్ విప్పితే దాన్ని మళ్ళీ బిగించేసరికి పురుడు దాటిపోతుంది. విప్పకుండా పోతే, బేరింగే అయిన పక్షంలో, అడవి మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది. బావ మొదటి రోజు విప్పుదామన్నాడు, మరునాడు దేవుని మీద భారం వేసి పోదామన్నాడు. నేను ఆ రెండింటికీ ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా పిల్లను ఎక్కించేది లేదు. కారణం తెలియకుండా ఇంజన్‌ను విప్పేదీ లేదు. ఈ మాట నేను గట్టిగా అన్నానని అక్క చాలాకాలం చెప్పుకునేది. బావ మాత్రం నవ్వాడు.

"మీ కాలేజిల ఇంజన్ పాఠం ఉంటది గద మరదలా, జర మా బండికి గూడ జెప్పు."

"చెప్త బావా. ముందుగాల నువ్వు నోటితోని చప్పుడు జేసుడు బంద్ జెయ్యి."

చప్పుడును పట్టడానికి మేము మొదట చేసిన పని, దాని గురించి మాట్లాడటం మానివేసి దానితో తిరగడం. బావ నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. సమతలంలో నెమ్మదిగా పోతే ఏమీ లేదు. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, ముందున్న ఎడ్లబండిని దాటడానికి ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు, ఎడమ పక్క నుంచి గట్టి వస్తువు గట్టి వస్తువును కొట్టినట్టు టక్కుమనేది. అదే వేగంలో ఉండగా క్లచ్ తొక్కమన్నాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది, చప్పుడు ఆగిపోయింది. అంటే అది వేగానికి సంబంధించినది కాదు, ఇంజన్ మోసే బరువుకు సంబంధించినది. ఇంతవరకు బేరింగు అన్న మిస్త్రి మాట నిలబడే ఉందని ఒప్పుకోవాలి, ఎందుకంటే చెడిన బేరింగు కూడా బరువు పడ్డప్పుడే మొత్తుకుంటుంది.

అసలు సంగతి అక్క వాళ్ళ సందు చెప్పింది. రైలు పట్టాల వైపు ఉన్న ఆ సందులో కారు తిప్పడానికి చోటు లేక, ప్రతి ఉదయం బావ ఇంటి నుంచి పెద్ద రోడ్డు దాకా వెనక్కే పోయేవాడు. సందు చివర రోడ్డుకు కలిసే చోట మంచి ఎత్తు. ఆ ఎత్తును ఇంజన్ మూలుగుతూ ఎక్కుతుంటే, ఇప్పుడు రావాలి, ఇప్పుడు రావాలి అని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, రాలేదు. మరునాడూ రాలేదు. బావను ఆపి, అదే ఎత్తును ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి ఎక్కించమన్నాను. ఎదురుగా చాయ్ హోటలులో కూర్చున్నవాళ్ళకు ఆ పొద్దున మంచి కాలక్షేపం దొరికింది.

"ఏందే అన్నా, బండికి ముందటి కండ్లు పోయినయా? ఎనుకకే నడిపిస్తున్నవ్."

"మా మరదలు మొక్కుకున్నదట. గుట్టదాంక గిట్లనే రమ్మన్నది."

ఎన్ని సార్లు ఎక్కించినా ఫలితం మారలేదు. ముందుకు ఎక్కితే టక్కుమనేది, వెనక్కు ఎక్కితే నిశ్శబ్దం. బేరింగుకు కారు ఎటు పోతున్నదో తెలియదు. గేరు ఏదైనా ఇంజన్ లోపల తిరిగేది ఒకే వైపు. మరి ముందుకూ వెనక్కూ తేడా తెలిసినదేమిటి? మొత్తం ఇంజన్. చక్రాలను తిప్పే బలానికి ఎదురుగా ఇంజన్ తానే కొంచెం ఒరుగుతుంది. ముందుకు పోయేటప్పుడు దాని ఎడమ పక్క లేస్తుంది, వెనక్కు పోయేటప్పుడు కుడి పక్క లేస్తుంది. ఒరిగిన ఇంజన్ ఎడమ వైపు దేనికో తగులుతున్నదని నాకు అనిపించింది. అనిపించడం తెలియడం కాదు కనుక, బావను బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ఒకటో గేరులో క్లచ్ కొద్దిగా వదలమని, నేనూ, షెడ్డు నుంచి పిలిపించిన మిస్త్రీ బానెట్ ఎత్తి చూశాం. ఇంజన్ ఎడమ పక్క లేచింది, నిజమే. దేనికీ తగలలేదు. చప్పుడూ లేదు. ప్రతి ఇంజనూ అంతో ఇంతో లేస్తుందని మిస్త్రి అన్నాడు. ఎంత లేవడం మామూలో, ఎంత కాదో చెప్పడానికి పోల్చి చూసే ఇంకో బండి మా దగ్గర లేదు.

నేను నిరాశపడి బానెట్ మూసి, ఎందుకో ఆ పరీక్షను అట్లాగే మళ్ళీ ఒకసారి చేయమన్నాను. టక్కుమన్నది. తెరిచి చేశాం, లేదు. మూసి చేశాం, ఉంది. మిస్త్రి నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. బానెట్‌తో పాటు పైకి లేచిపోయేది, బానెట్‌తో పాటు కిందికి దిగేది ఏదో ఆ చప్పుడులో భాగస్వామి.

బానెట్ లోపలి పక్కన, ఎడమ వైపు కమ్మీకి, పసుపు గుడ్డలో చుట్టిన ముడుపు కట్టి ఉంది.

దాన్ని చూడనివాళ్ళెవరూ లేరు. అక్క బిడ్డ మళ్ళీ నెల తప్పిందని తెలిసిన మూడో నెలలో, బావ తల్లి చిల్పూరు గుట్టకు పోయి, భయం పోగొట్టే బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కి, కొబ్బరికాయను ముడుపు కట్టి తెచ్చింది. మేమందరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. తల్లీ పిల్లా క్షేమంగా గుట్ట ఎక్కిన నాడు తానే విప్పుతానన్నది మొక్కు. మనుమరాలిని తెచ్చేది ఆ కారే కనుక ముడుపు ఆ కారులోనే ఉండాలని, ఎవరి కాలూ తగలకుండా ఎత్తున ఉండాలని, కిరాయికి ఎక్కేవాళ్ళ కంట పడకూడదని చెప్పి, కొడుకు చేత బానెట్ లోపల కట్టించింది. ఆనాటి కార్ల బానెట్‌లు ఎంత ఎత్తుగా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది; ఒక కాయ ఏమిటి, నాలుగు కాయలు పట్టేవి. బావ రోజూ నూనె చూడటానికి బానెట్ ఎత్తి, ముందు ముడుపుకు దండం పెట్టేవాడు. మిస్త్రి ప్రతిసారీ చెయ్యి తుడుచుకొని దండం పెట్టి పని మొదలుపెట్టేవాడు. మానుకోట మిస్త్రి లంబాడి తండా మనిషి, ఇంట్లో వాళ్ళ భాష వేరు, దేవుళ్ళ పేర్లూ వేరే. అతనూ దండం పెట్టాడట. అనుమానించవలసిన వాటిలో ఫ్యాను ఉంది, బెల్టు ఉంది, బోల్టులున్నాయి, ముడుపు లేదు. అది కారులో ఉన్నది గాని, ఎవరి లెక్కలోనూ కారులోనిది కాదు.

"నీకు ఇది తగుల్తుండొచ్చని అనిపియ్యలేదా?" అని మిస్త్రిని అడిగితే, "దేవుని వస్తువు గద మేడం, దాని మీద మనసెట్ల పోతది?" అన్నాడు. ఆ జవాబులో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు.

ముడుపు విప్పి ఒక్కసారి కారు నడిపి చూస్తే క్షణంలో తేలిపోతుంది. ఆ మాట ఇంట్లో అనగానే అవ్వ బియ్యం చేట పక్కన పెట్టింది.

"ముడుపు జోలికి పోకు బిడ్డా. తల్లీపిల్లా గుట్టెక్కినంక నేనే ఇప్పుత. గప్పటిదాంక నీ పరీచ్చలు నీ కాలేజిల జేసుకో."

"విప్పకుంటె సంగతి తేలదవ్వా. తేలకుంటె పిల్లను ఎట్ల తెస్తం?"

"ఇప్పితె పిల్లకు ఏమన్నయితె నీ పరీచ్చ పాసయితదా?"

అక్క ఏడుపు ముఖం పెట్టింది. బావ గోడ వైపు తిరిగాడు. అవ్వ భయం నాకు అర్థం కాకపోలేదు. ఒకసారి పోయిన కడుపు ఆ ఇంట్లో అందరి కండ్లలోనూ ఉంది. అయినా నేను వెనక్కు తగ్గే స్థితిలో లేను. ఒక వస్తువు దేనినైనా కొడుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి ఆ వస్తువును తీసివేయడం ఒక పద్ధతి. రెంటి మధ్యా మెత్తనిది పెట్టడం ఇంకొక పద్ధతి. విప్పకుండా, ముడి కదపకుండా, ముడుపు మీదుగానే ఒక గుడ్డ మడత చుట్టవచ్చునా అని అడిగాను. అవ్వ చాలాసేపు ఆలోచించి, మైలగుడ్డ కాకూడదన్నది. నా చేతితో చుట్టకూడదన్నది. మరునాడు పొద్దున తలకు పోసుకొని, తన ఉతికిన పాత చీర చెరగు చింపి, పసుపు నీళ్ళలో ముంచి ఆరేసి, తానే వచ్చి మడతలు పెట్టి చుట్టింది. కారు బానెట్ కింద తల దూర్చి నిలబడిన ఆ ముసలామె, నేను ఏ ప్రయోగశాలలో చూసిన ఏ సహాయకుని కంటే శుభ్రంగా పని చేసింది.

కారును ఎత్తు ఎక్కించాం. టక్కు అన్న చోట దబ్బు అన్నది. తెచ్చి నిలబెట్టి బానెట్ ఎత్తితే, పసుపు గుడ్డ మీద, ఇంజన్ పైనున్న ఒక బోల్టు తల ఆకారంలో, నల్లని నూనె మరక.

అందరి ముఖాల్లోకి ప్రాణం వచ్చింది. బావ అయితే అప్పటికప్పుడే బయలుదేరుదామన్నాడు. "ఇంజన్ మంచిగనే ఉన్నది గద. కొబ్బరికాయ కొట్టుకుంటుంటె ఊర్కెనే బుగులువడ్డం. పాండ్రి పోదాం."

ఆ నిమిషంలోనే నేను అందరికీ చేదయ్యాను. కాయ కట్టింది మూడో నెలలో. చప్పుడు మొదలైంది ఏడో నెలలో. అన్నాళ్ళు తగలని కాయ ఇప్పుడెందుకు తగులుతున్నది? కాయ పెరగలేదు, బానెట్ కుంగలేదు. కాబట్టి ఇంజనే వెనుకటి కంటే ఎక్కువగా లేస్తున్నది. ఎందుకు లేస్తున్నదో తెలిసేదాకా చప్పుడు ఎక్కడిదో తెలిసింది గాని కారణం తెలియలేదని, కారు కదలదని చెప్పాను. నీకు సంతోషం అంటే గిట్టదా అని అక్క విసుక్కున్నది. మిస్త్రి మాత్రం కారు కిందికి పోయి, ఎడమ పక్కన ఇనుప కడ్డీ దూర్చి ఇంజన్‌ను మెల్లగా పైకి లేపాడు.

ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు అడ్డంగా తెగి ఉంది. నూనె కారి కారి నానిపోయి, తెగిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి కూర్చొని ఉండటం వల్ల పైకి నిక్షేపంగా కనబడింది. ఒక అంచున ఇంకా కొంచెం అంటుకొని ఉంది. మిస్త్రి కింది నుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పరకాల దాటినంక అడివిల ఇది పూరా తెగితే, ఫ్యాను పోయి రేడియేటర్ల గుద్దుకునేది అన్నా. ఆడికి ఖతం."

బావ తానే కారు కిందికి దూరి చూసి వచ్చాడు. అవ్వ గుడ్డను మళ్ళీ మెల్లగా సవరిస్తూ, నన్ను చూడకుండానే అడిగింది.

"మరి చెప్పింది ఎవలు బిడ్డా?"

"కొబ్బరికాయ అవ్వా."

"కొబ్బరికాయ ఎవలిది?"

చెప్పడానికి నా దగ్గర ఉన్నవన్నీ ఇంజన్ గురించిన జవాబులు.

రబ్బరు హనుమకొండ నుంచి తెప్పించి బిగించిన తరువాత, అదే ఎత్తును అదే పద్ధతిలో ఎక్కించి, టక్కూ దబ్బూ రెండూ లేవని చూసుకొని, తెల్లవారి బయలుదేరాం. భూపాలపల్లి పోయేటప్పుడు కారులో బావా నేనూ ఉన్నాం. గుంతలు వచ్చిన చోట లోపల ఏదో సన్నగా గలగలమన్నది. బావ వెంటనే వేగం తగ్గించాడు. అక్క చెప్పిన పేలాలు ఇవేనని నాకు తోచింది. దారి పక్కన ఆపించి, ఇంజన్ ఆర్పించి, బానెట్‌ను చేత్తో పట్టి ఊపాను. గలగల వినబడింది. ఇంజన్ ఆగినా వచ్చే చప్పుడు ఇంజన్‌ది కాదు. ముడుపును ముట్టకుండా చెవి దగ్గరగా పెట్టి విని, బావను కూడా వినమన్నాను. ఇంజన్ వేడికి నెలల తరబడి ఎండి, లోపలి కొబ్బరి చిప్పను వదిలి గుండులా ఆడుతున్నది. బావ చాలాసేపు నవ్వాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో అక్క బిడ్డ వెనక సీట్లో నా ఒడిలో తల పెట్టుకొని పడుకుంది. ఆ అడవి దారిలో నేను చూసినది ఏమీ లేదు, విన్నదే అంతా. చక్రాల కింద కంకర, గుంతల్లో గలగల, ఆ పిల్ల ఊపిరి; ఇవి కాక ఇంకేదైనా ఉన్నదా అని జనగామ దాకా వింటూనే వచ్చాను. ఏమీ లేదు. పురుడు కష్టమే అయింది గాని, ఇల్లు దవాఖానకు దగ్గర కావడం వల్ల గండం గడిచి ఆడపిల్ల పుట్టింది. పసిదానికి నెలలు నిండాక అందరం చిల్పూరు గుట్టకు పోయాం. అవ్వ తన చేత్తో ముడుపు విప్పి, కాయ కొడితే, ఎక్కడా చెడకుండా గుండ్రంగా ఎండిన కొబ్బరి కుడుక బయటపడింది. అది స్వామి దయ అని అవ్వ అన్నది. వేడి వల్ల అట్లా ఎండుతుందని నేనన్నాను. ఇద్దరం చెరొక ముక్కా తిన్నాం. చాలా తియ్యగా ఉంది.

ఆ పసిదే మొన్న నాకు చప్పుడు పంపినది. నేను తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, ఇది రివర్సులో కూడా వస్తుందా అని. తెలియదన్నది. రివర్సు వేస్తే కారే కీచుమంటూ కూస్తుందట, అద్దాలు ఎప్పుడూ మూసే ఉంటాయట, పాట ఆపితే తోచదట. అన్నీ ఆపి, అద్దాలు దించి, ఒకసారి ఊరికే వినమన్నాను. విని, వెనక్కు పోయినా వస్తుందని రాసింది. షెడ్డులో చూస్తే బెల్టు అరిగిందని తేలింది. యాప్ చెప్పినదీ అదే. ఒప్పుకోవాలి. ఒకసారి నిజమైనంత మాత్రాన ఎప్పుడూ నిజమవుతుందని కాదు గాని, ఈసారి అది నిజమే చెప్పింది. దానికి ఏ వాడకట్టూ గుమిగూడలేదు, ఎవరూ నోటితో చప్పుడు చేసి చూపలేదు, ఏ ముసలామె చీర చెరగూ చినగలేదు. పని త్వరగా అయింది. నా దగ్గర మాత్రం, ఆ పిల్ల పాట ఆపి, అద్దాలు దించి విన్న ఆ కాసేపు, తనకు ఇంకేమేమి వినబడ్డాయో అడగాలనిపించి, అడగడమెట్లాగో తెలియక ఊరుకున్న ఒక చిన్న వెలితి మిగిలింది.

బావ లేడు, అవ్వ లేదు, కారు ఎప్పుడో తుక్కు కింద పోయింది. నేను చేసిన లెక్కలో ఒక్క ప్రశ్న అట్లాగే ఉండిపోయింది: ఆ కాయ అక్కడ కట్టి ఉండకపోతే, రబ్బరు తెగిన సంగతి మాకు సమయానికి తెలిసేదా? తెగిన రబ్బరు తనంతట తాను ఏదో ఒక చప్పుడు చేసి ఉండేదని మిస్త్రి అనేవాడు. చేసి ఉండేది కాదని అవ్వ చివరిదాకా నమ్మింది. నేను ఎటూ తేల్చలేదు. తేల్చాలంటే ఆ తెగిన రబ్బరుతోనే, ముడుపు లేకుండా, అదే దారిన, అదే బరువుతో ఇంకొకసారి పోయి చూడాలి. అట్లాంటి ఇంకొక ప్రయాణం మా దగ్గర లేదు. ఉన్నా, ఆ పిల్లను అందులో ఎక్కించనిచ్చేదాన్ని కాదు.